కాళ్లు పోయాక వచ్చిన కళ

హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్‌కు అటూ ఇటూ లేచిన గేటెడ్ కమ్యూనిటీల్లో చాలావాటికి ఒక బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటుంది. కోర్టంటే సగం కోర్టు. బ్రోచర్‌లో నిండుగా కనిపించిన మిగతా సగం కట్టుబడి పూర్తయ్యేసరికి విజిటర్స్ పార్కింగ్‌లో కలిసిపోయి ఉంటుంది. శనివారం పొద్దున్నే అక్కడ బడిపిల్లలూ, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్లూ చెమటలు కక్కుతుంటే, స్తంభం నీడలో ఒకాయన నిలబడి ఉంటాడు. నలభై దాటిన మనిషి. మోకాలికి క్యాప్, మెడలో తువ్వాలు, కాళ్లకు నెల జీతంలో చెప్పుకోదగ్గ ముక్క మింగిన జోర్డాన్ షూస్. బంతి తన దగ్గరికొస్తే ఆడతాడు గానీ, తను బంతి దగ్గరికి వెళ్లడు. ఆయన్ను స్కిల్ సార్ అందాం. ఆ మాట ఆయన నోట అన్నిసార్లు వస్తుంది మరి.

ఆయన సిద్ధాంతం చిన్నదే: కుర్ర మైఖేల్ జోర్డాన్‌ది ఒంటి బలం, ముదురు జోర్డాన్‌ది అసలు ఆట. 2020 లాక్‌డౌన్‌లో జోర్డాన్ మీద తీసిన ‘ద లాస్ట్ డాన్స్’ డాక్యుమెంటరీ పది భాగాలూ చూసినప్పటినుంచి ఈ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. 1986 ప్లేఆఫ్స్‌లో బోస్టన్ మీద కొట్టిన 63 పాయింట్ల ఊసెత్తితే ‘ఆ మ్యాచ్ ఓడిపోయారు కదా’ అంటాడు, అది నిజమే. 1988 డంక్ పోటీలో ఫ్రీత్రో గీత దగ్గర లేచి రింగు దాకా తేలిపోయిన సంగతి ఎత్తితే ‘సర్కస్ బాబూ’ అంటాడు. అదే 1995లో బేస్‌బాల్ వదిలి తిరిగొచ్చిన జోర్డాన్ వెనక్కి వాలుతూ వేసిన ఫేడ్‌అవే షాట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మెత్తబడుతుంది, కళ్లు అరమూతలు పడతాయి. గొంతు పోయాకే విద్వాంసుడి నోట సంగతులు బాగా పలుకుతాయని వాదించే కచేరీ రసికుడిలా ఉంటాడు అప్పుడు. ఆయన షూస్ మీదున్న బొమ్మ మాత్రం కాళ్లు చాచి గాల్లో ఎగురుతున్న కుర్ర జోర్డాన్‌దే. కంపెనీవాళ్లకు ఏది అమ్ముడవుతుందో తెలుసు.

సిద్ధాంతం వినడానికి బాగుంటుంది. దాన్ని పరీక్షించడానికి బాస్కెట్‌బాల్‌లోనే ఒక తిన్నని కొలత ఉంది: ఫ్రీత్రో. ఎవరూ అడ్డురారు, పరుగెత్తక్కర్లేదు, ఎగరక్కర్లేదు. బోర్డుకు 15 అడుగుల దూరంలో నిలబడి, ఊపిరి పీల్చుకుని వేయడమే. ఒంటి బలాన్ని పక్కన పెట్టి చేతి నేర్పును మాత్రమే తూచే త్రాసు ఇంతకంటే ఉండదు. డంకుల రోజుల్లో, అంటే మ్యాచ్‌కు సగటున 37.1 పాయింట్లు కొట్టిన 1986–87 సీజన్లో, జోర్డాన్ ఫ్రీత్రోలు నూటికి 85.7 పడ్డాయి. కళ పండిందని స్కిల్ సార్ చెప్పే 1997–98లో పడ్డవి 78.4. మామూలు షాట్లూ అంతే: 1990–91లో 53.9 శాతం, 1997–98లో 46.5. మూడు పాయింట్ల షాట్ల దగ్గర సార్ కాస్త ఊపిరి తీసుకోవచ్చు. 1986–87లో 66 వేస్తే 12 పడ్డాయి, 1995–96లో 42.7 శాతం పడ్డాయి. అయితే 1994 నుంచి మూడు సీజన్ల పాటు ఎన్‌బీఏ ఆ మూడు పాయింట్ల గీతను రింగుకు దగ్గరగా జరిపింది. 1997లో గీత పాత చోటికి వెళ్లగానే జోర్డాన్ శాతం 23.8కి దిగింది. నైపుణ్యం కాదు దగ్గరైంది, గీత!

కాబట్టి నాకు తోచేది ఇది. ఆ నేర్పు మొదటినుంచీ ఉన్నదే. 1982లో, 19 ఏళ్లకు, జార్జ్‌టౌన్ మీద నార్త్ కరోలినాను కాలేజీ చాంపియన్‌గా నిలబెట్టింది డంక్ కాదు, ఎడమవైపు నుంచి వేసిన నిదానమైన జంప్ షాట్. తర్వాత పన్నెండేళ్లు జనం ఎగరడాన్నే చూశారు గనక అది కనపడలేదు. ఎగరడం తగ్గాక కనపడింది. కనపడడాన్ని పెరగడమనుకున్నాడు స్కిల్ సార్.

ఆయన ఊరుకోడు. మరి 1996, 97, 98 టైటిళ్ల మాటేమిటి, 2003లో నలభై నిండిన నాలుగో రోజున 43 పాయింట్లు ఎలా కొట్టాడు అంటాడు. గట్టి అభ్యంతరమే. వయసు జోర్డాన్‌కు కొంత నేర్పింది: ఏ షాట్ వదిలేయాలో, ఏ డిఫెండర్‌ను ఎటు తిప్పి అలసిపోయేలా చేయాలో. ఆ మేరకు సార్‌కు మార్కులివ్వాల్సిందే. కానీ ఆ ఫేడ్‌అవేను చూడండి. వెనక్కి ఎగిరి, గాల్లో ఒంటిని కుదురుగా నిలిపి వేసే షాట్ అది. కాళ్లతో పని లేనిది కాదు, కాళ్లు రెట్టింపు కావలసినది. 1995 వేసవిలో జోర్డాన్ తను నటించే సినిమా షూటింగ్ జరుగుతుంటే స్టూడియో ఆవరణలోనే కోర్టు వేయించుకుని, తోటి ఎన్‌బీఏ ఆటగాళ్లను పిలిపించుకుని సాయంత్రాలు ఆడాడు, బరువులెత్తాడు. సినిమా పేరు స్కిల్ సార్‌కు గుర్తుంది. బరువులు గుర్తులేవు.

జోర్డాన్ కొరుకుడు పడకపోతే సార్ మన బ్యాడ్మింటన్ గోపీచంద్‌ను పట్టుకొస్తాడు. ఆఫీసుకు గచ్చిబౌలి మీదుగా వెళ్లేవాడాయె, పుల్లెల గోపీచంద్ అకాడమీ 2008 నుంచీ అక్కడే ఉంది. ‘మోకాలికి ఎన్ని ఆపరేషన్లయ్యాయి! అయినా ఆల్ ఇంగ్లండ్ కొట్టలేదా? ఏంటది? స్కిల్!’ నిజమే, 1994లో మోకాలు దెబ్బతింది, శస్త్రచికిత్సలయ్యాయి, ఆ తర్వాతే 1996 నుంచి వరసగా అయిదు జాతీయ టైటిళ్లు, 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్ మీద 15–12, 15–6. కానీ మోకాలు పోయిందని ఆ మనిషి నీడలో నిలబడలేదు. దాన్ని మళ్లీ కట్టుకుని కోర్టంతా పరుగెత్తాడు. ఆయన అకాడమీలో పిల్లలు తెల్లవారకముందే మొదలుపెట్టి ముందు అరగదీసేదీ పాదాలనే. గెలిచాక కూల్‌డ్రింక్ ప్రకటన వద్దన్నాడు కూడా. స్కిల్ సార్ ఆట అయ్యాక తాగేదేమిటో ఇక్కడ రాయను.

ఇంతకీ ఆయన జోర్డాన్ గురించి మాట్లాడుతున్నాడా అని నా అనుమానం. వారమంతా ఆఫీసులో ఆయన చెప్పేదీ ఇదే: ‘కోడ్ కుర్రాళ్లు రాస్తారు, నేను ఆర్కిటెక్చర్ చూస్తాను.’ నలభై దాటినవాడి జీతానికి ఇద్దరు ఫ్రెషర్లు వస్తారని లెక్కలేసే కారిడార్‌లో, వయసుతో పనితనం పెరుగుతుందని రుజువు చేయడం సరదా కోసం చేసే పని కాదు. అప్రైజల్‌లో చెల్లని వాదన శనివారం కోర్టులోనైనా చెల్లాలి కదా. ఆ మాత్రం ఊరట ఉంచుకోనివ్వరాదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంచుకోవచ్చు. ఆయన పాసులు నిజంగానే బాగుంటాయి. ఎవరు ఖాళీగా ఉన్నారో కుర్రాళ్లకంటే ముందే చూస్తాడు. చిక్కల్లా ఆ ఊరటను తొమ్మిదో తరగతి పిల్లాడికి పాఠంగా చెప్పడంతో. ‘ఎగరకురా, మోకాళ్లు జాగ్రత్త, స్కిల్ మీద పెట్టు.’ వాడి మోకాళ్లకు పద్నాలుగేళ్లు. ఎగరాల్సిన వయసులో ఎగరనివాడికి తర్వాత తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ వయసు పిల్లలకు సిద్ధాంతాల మీద గౌరవం తక్కువ. బంతి తెచ్చి సార్ చేతిలో పెట్టి, ఫ్రీత్రో గీత చూపిస్తారు. పరుగు లేదు, ఎగరడం లేదు, అడ్డం లేదు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం ఇక మిగిలింది స్కిలొక్కటే. సార్ బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, రింగు వైపు తలెత్తి, దాని ఎత్తు పది అడుగులకు ఓ మూడంగుళాలు ఎక్కువున్నట్టుందని, అసోసియేషన్ మీటింగులో ఈ విషయం ఎత్తాలని అంటాడు.