ఉప్పు తిన్న సైకిల్

కొండల్లో తొక్కే సైకిళ్లు రెండు జాతులు. ముందు చక్రానికి మాత్రమే షాకబ్జర్లు ఉండి, వెనక చక్రం ఫ్రేముకే బిగుసుకుని ఉండేది హార్డ్‌టెయిల్. ముందూ వెనకా రెండు చోట్లా ఉండేది ఫుల్ సస్పెన్షన్. బజారు భాషలో రెండోది డబుల్ షాకర్. మొదటిదానికి బజారులో వేరే పేరు లేదు, ఉత్త సైకిల్ అంటారు. హార్డ్‌టెయిల్ అన్న మాటను తెలుగు చేస్తే గట్టితోక బండి అవుతుంది. తోక వంకర గురించి సామెత పుట్టించిన జాతి తోక గట్టిదనం గురించి ఒక్క మాటా అనకపోవడం లోటే.

తేడా తెలియడానికి ‘ముందు నుయ్యి, వెనక గొయ్యి’ అన్న మాట చాలు. హార్డ్‌టెయిల్ మీద వెళ్తే నుయ్యి సంగతి ఫోర్కు చూసుకుంటుంది, గొయ్యి సంగతి తొక్కేవాడి నడుము చూసుకుంటుంది. ఫుల్ సస్పెన్షన్ అయితే రెండింటి సంగతీ బండే చూసుకుంటుంది, బండి సంగతి తొక్కేవాడి జేబు చూసుకుంటుంది.

ఈ రెండు జాతులకూ మూలపురుషుడికి అసలు షాకబ్జర్లే లేవు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లను కొండ మీదికి చేర్చి, అక్కడి నుంచి దుమ్ములో కిందికి తోలుకుంటూ పందేలు పెట్టుకున్నారు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, ఛార్లీ కెల్లీ ఆ గుంపులోని వాళ్లే. ఒక్కసారి దిగేసరికి వెనక బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజు మాడిపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందానికి ‘రీప్యాక్’ అని పేరు పడింది. ముందు ఫోర్కుకు షాకబ్జర్లు బజారులోకి రావడానికి ఆ దశాబ్దం కాదు, తర్వాతి దశాబ్దం కూడా చివరికొచ్చింది. వెనక చక్రానికి వచ్చినవి పెద్ద పందేల్లో మర్యాద సంపాదించడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీ పందెం 1996లో మొదలైతే, మగవాళ్ల బంగారు పతకం ఫుల్ సస్పెన్షన్ బండికి దక్కింది 2012లో, లండన్‌లో. తొక్కినవాడు చెక్ వీరుడు యారోస్లావ్ కుల్హవీ. అప్పటిదాకా గట్టితోకలే గెలుస్తూ వచ్చాయి.

ఆలస్యానికి కారణం ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కేవాడి బలమంతా వెనక చక్రంలోకి పోవాలి. వెనక స్ప్రింగు ఉన్న బండిలో ఆ బలంలో కొంత స్ప్రింగును నొక్కడానికే ఖర్చవుతుంది. పెడల్ పడ్డప్పుడల్లా బండి ఉయ్యాలలా ఊగుతుంది. పసిపిల్లలకు బాగుంటుంది గానీ ఎదురు కొండ ఎక్కేవాడికి ఒళ్లు మండుతుంది. దీనికి విరుగుడుగా లివర్ నొక్కి స్ప్రింగును తాత్కాలికంగా బిగించే ఏర్పాటు వచ్చింది. అంటే డబ్బు పోసి కొన్న వెనక షాకబ్జరును, ఇంకొంత డబ్బు పోసి, లేనట్టుగా చేసుకోవడం. దిగేటప్పుడు మాత్రం కథ తిరగబడుతుంది. చక్రం ప్రతి రాయినీ, ప్రతి వేరునూ తడుముకుంటూ నేలను వదలకుండా పోతుంది కాబట్టి పట్టు చిక్కుతుంది, బ్రేకు పనిచేస్తుంది, పళ్లు రాలవు.

ఈ లెక్కన అండమాన్ ఫుల్ సస్పెన్షన్‌కు పుట్టిల్లు కావాలి. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలవాల్సిన, ఎక్కువమంది ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే పిలుస్తున్న ఊరే ఎత్తుపల్లాల ఊరు. అబర్డీన్ బజారు నుంచి ఏ దిక్కుకు పోయినా ఒక ఎక్కుడో ఒక దిగుడో తప్పదు. ఎదురుగా 383 మీటర్ల మౌంట్ హారియట్ ఉంది, 2021 నుంచి దాని పేరు మౌంట్ మణిపుర్. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య కనిపించే దృశ్యం ఆ కొండ వైపుదే. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఆ కొండెక్కి, పొద్దుగూకాక కిందికి దిగి, హోప్‌టౌన్ జెట్టీ దగ్గర ఖైదీ షేర్ అలీ కత్తికి బలయ్యాడు. ఆ కొండకు సంబంధించినంత వరకు ఎక్కడం కంటే దిగడమే ప్రమాదమని చరిత్ర కూడా ఒప్పుకుంటుంది. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు 732 మీటర్ల శాడిల్ పీక్ ఉంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. అడవి బాటల్లో నేల కంటే తడి వేళ్లే ఎక్కువ కనిపిస్తాయి. వాటి మీద గట్టితోక బండి వేడి పెనం మీద ఆవగింజలా చిటపటలాడుతూ పోతుంది.

కాబట్టి డబుల్ షాకరే కొనాలి అనిపిస్తుంది. కానీ దీవుల్లో ఈ తగువు తీర్చేది కొండ కాదు, సముద్రం.

ఫుల్ సస్పెన్షన్ బండి వెనక భాగం ఒక ముక్క కాదు. మడతమంచంలా కీళ్ల మీద కదులుతుంది. మామూలు బండిలోనే ఎనిమిదో పదో చిన్న బేరింగులు ఉంటాయి. ఒక్కో కీలులో అల్యూమినియం ఫ్రేము, ఉక్కు బోల్టు, ఉక్కు బేరింగు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అది చిన్నపాటి బ్యాటరీ అవుతుంది. ఆ బ్యాటరీ దేన్నీ వెలిగించదు, అల్యూమినియాన్ని మాత్రం తినేస్తుంది. ఆర్నెల్లకు బోల్టు తీయబోతే రాదు. రెంచీ తిరుగుతుంది, తల అరుగుతుంది, బోల్టు కదలదు. ఈలోపు కీలు కిర్రుమనడం మొదలుపెడుతుంది. బండి పాత ఇంటి తలుపులా మూలుగుతూ ఊరంతా తిరుగుతుంది, హారన్ అక్కర్లేదు. హార్డ్‌టెయిల్‌కూ తుప్పు తప్పదు. అయితే దానికి తుప్పు పట్టే చోట్లు చెయిను, ఫ్రీవీలు, కేబుళ్లు, బోల్టులు. ఇవన్నీ కంటికి కనిపించేవి, నూనె చుక్కకు లొంగేవి.

మందు అందరికీ తెలిసిందే. సముద్రపు ఒడ్డుకు వెళ్లొచ్చిన ప్రతిసారీ బండిని మంచినీళ్లతో కడిగి తుడవాలి. తయారీదార్ల పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యం. ఆ వాక్యం రాసినవాళ్లకు ఎండాకాలంలో పోర్ట్ బ్లెయిర్ కుళాయి సంగతి తెలియదు. ఊరికి ప్రధానంగా నీళ్లిచ్చేది ధనిఖారి డ్యామ్. అందులో మట్టం దిగిందంటే కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కోసారి అంతకంటే ఎడంగా వస్తుంది. ఇంట్లో డ్రమ్ములు, బిందెలు, చివరికి ఇడ్లీ గిన్నె కూడా నిండాకే మనిషికి స్నానం. ఆ వరసలో సైకిల్ ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. చాలామంది పూర్వులు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లే. జంగ్లీఘాట్‌లో అలాంటి ఒక ఇంటి ముందు, చిడియాటాపు తీరం నుంచి వచ్చిన డబుల్ షాకర్‌కు కుర్రాడు చెంబుతో నీళ్లు పోస్తుంటే జరిగే సంభాషణ ఈ పద్ధతిలో ఉంటుంది.

“ఏట్రా, సైకిలికి తానమా? రెండ్రోజులకోపాలి వచ్చే నీళ్లు!”

“ఉప్పు తినేస్తాదే అమ్మా, బేరింగులు పోతాయి.”

“ఉప్పు తిన్నోడు నీళ్లు తాగాలన్నారు గానీ, ఇంటోళ్ల నీళ్లు తాగమన్లేదు. ఆ చెంబిటియ్యి.”

చెంబు చేతులు మారుతుంది. ఇంజినీరింగ్ దృష్టితో చూసినా అమ్మ తీర్పులో తప్పు లేదు. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్నవాడు ఎప్పుడో ఫుల్ సస్పెన్షన్ బండి తొక్కే ఉండాలి.

ఇక బేరింగు పోయాక. దీవుల్లో దేనికైనా ‘మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. చెన్నై గానీ విశాఖ గానీ సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలు ఎక్కువగా చెన్నై, కోల్‌కతాల నుంచే వస్తాయి, విశాఖ ఓడ ఎప్పుడో గానీ రాదు, వచ్చేవి కూడా దారిలో మూడేసి రోజులు తింటాయి. వెనక షాకబ్జరులో గాలి పట్టడానికి పెట్రోలు బంకు పంపు పనికిరాదు, దానికి సన్న గొట్టంతో వేరే చేతిపంపు కావాలి. అదీ మెయిన్‌ల్యాండ్ నుంచే. సీళ్లు మార్చాలంటే షాకబ్జరునే ఊడదీసి పంపాలి. అప్పుడు ఫుల్ సస్పెన్షన్ బండి హార్డ్‌టెయిల్ కూడా కాదు, గోడకు ఆనించిన ఫ్రేము. హార్డ్‌టెయిల్‌కు ఈ బాధ సగమే: ముందు ఫోర్కు చచ్చినా బండి నడుస్తుంది, కాస్త కోపంగా నడుస్తుంది.

ఇదంతా నిజమైన ఫుల్ సస్పెన్షన్ గురించి. అది చాలా ఖరీదు. పది పదిహేను వేలకు దుకాణం ముందు వరసగా నిలబెట్టే డబుల్ షాకర్ వేరే జంతువు. కొనేవాళ్లంతా దాన్ని ఒకేలా పరీక్షిస్తారు: సీటు మీద అరచేయి ఆనించి రెండుసార్లు గట్టిగా నొక్కుతారు. బండి కిందికి పోయి పైకి లేస్తుంది. కుర్రాడి ముఖం వెలుగుతుంది, తండ్రి పర్సు తీస్తాడు. ఆ స్ప్రింగుకు ఊపును అణిచే నూనె గదులు ఉండవు కాబట్టి అది దెబ్బను మింగదు, విసిరికొడుతుంది. ఇనుప ఫ్రేముతో బండి బరువు ఇరవై కిలోలకు అటూ ఇటూ. దాని మీద డెలానీపూర్ ఎత్తు ఎక్కేవాడు సగం దూరం తొక్కి, మిగతా సగం బండిని నడిపించుకుపోతాడు. నడిపించేటప్పుడు మాత్రం సస్పెన్షన్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈ బండి కంటే షాకబ్జర్లే లేని పాత బండి మేలు.

ఆ మాటకొస్తే దీవులకు సైకిల్ మీద వచ్చిన పేరంతా ఏ షాకబ్జరూ లేని బండ్ల మీదే వచ్చింది. కార్ నికోబార్‌కు చెందిన ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో కైరిన్ అనే పందెంలో రజతం గెలిచాడు. ఆ స్థాయిలో భారత్‌కు అదే మొదటి పతకం. తొమ్మిదేళ్ల వయసులో 2004 సునామీ నుంచి బతికి బయటపడ్డ డెబోరా హెరాల్డ్ దేశంలో మేటి స్ప్రింటర్లలో ఒకరయింది. ట్రాక్ సైకిల్‌కు షాకబ్జర్లు లేవు సరే, గేర్లూ లేవు, బ్రేకులూ లేవు.

అండమాన్‌లో కొనాల్సింది హార్డ్‌టెయిలే. ముందు 100 మిల్లీమీటర్లు ఆడే ఫోర్కు, వెనక లావుపాటి టైరు, అందులో గాలి కొంచెం తక్కువ. తడి వేళ్లకు ఇది సరిపోతుంది, మిగిలింది మోకాళ్లు చూసుకుంటాయి. నేషనల్ పార్కు బాటల్లోకి దిగేముందు అటవీ శాఖను అడగండి. ఇంటికొచ్చాక చెయినుకు నూనె వేసి, తడిగుడ్డతో తుడిచి వదిలేయండి. చెంబు ముట్టుకోకండి, నీళ్లు మళ్లీ ఎల్లుండి గానీ రావు.