తాజా చేపకి దారేది?

బార్బడోస్ దీవి పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఎటు నడిచినా కాసేపటికి సముద్రమే. కాబట్టి ఏ హోటల్లో కూర్చున్నా పొద్దున పడిన చేప మధ్యాహ్నానికి మన పళ్ళెంలోకి వచ్చేస్తుందని అనుకుంటాం. అలాగే అనుకోండి, సెలవులకని వెళ్ళి మనసు పాడు చేసుకోవడం దేనికి? ఆ నమ్మకం చెక్కుచెదరకుండా, అచ్చంగా అక్కడి నీళ్ళలో పట్టిన తాజా చేపే తిన్నామన్న తృప్తితో ఇంటికి రావడానికి నాకు తెలిసిన ఉపాయాలు చెబుతాను.

కుర్చీలో కూర్చోగానే వెయిటర్‌ని అడగండి, "చేప తాజాదేనా?" అని. "లేదండీ, రెండు నెలల క్రితంది" అని చెప్పే వెయిటర్ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. "ఈ పొద్దునే వచ్చింది సార్" అంటాడు. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. పొద్దునే వచ్చింది. పడవలోంచి వచ్చిందా, ఫ్లోరిడా నుంచి వచ్చిన అట్టపెట్టెలోంచి వచ్చిందా అని మీరు అడగలేదు కదా. అడక్కండి కూడా. పెద్దమనిషి తరహాలో తలాడించి మంచినీళ్ళు తాగండి.

పడవలోంచే వచ్చిందనుకుందాం. అక్కడి పడవల్లో రెండు రకాలున్నాయి. ఒకటి తెల్లవారక ముందే వెళ్ళి సాయంత్రానికి ఒడ్డుకి చేరేది. రెండోది ఐస్ బోటు. కడుపు నిండా ఐసు నింపుకుని బయల్దేరి, వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే సముద్రంలో ఉండిపోతుంది. మొదటి రోజు పడిన చేప అడుగున, చివరి రోజు పడింది పైన. పడవ ఒడ్డుకి తగిలాక రెంటికీ ఒకటే పుట్టినరోజు, "ఈ పొద్దున." ఐసు సరిగ్గా వేస్తే అడుగు చేప కూడా తినడానికి బాగానే ఉంటుంది, నిజం చెప్పాలి. కాకపోతే పైదానికీ అడుగుదానికీ మెనూలో ధర ఒకటే.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? నా మాట విని సెప్టెంబరులో వెళ్ళండి. విమానం టికెట్లు చవక, గదులు చవక, బీచిలో జనం ఉండరు. వెళ్ళి, ఎగిరే చేపే కావాలని పట్టుబట్టండి. అది ఆ దేశపు జాతీయ వంటకం, డాలరు నాణెం మీద ముద్రించుకున్న చేప. అది పడే కాలం డిసెంబరు నుంచి జూన్ దాకా అన్న సంగతి మీకు అనవసరం. నాణెం మీద పన్నెండు నెలలూ ఉంటుంది కదా, పళ్ళెంలో ఎందుకు ఉండదు? హోటలువాళ్ళు మిమ్మల్ని నొప్పించరు. డీప్ ఫ్రీజర్ ఉన్నది అందుకే.

ఆ వంటకాన్ని మాత్రం వెటకారం చేయబుద్ధి కావడం లేదు. కూకూ అంటారు. బెండకాయ ముక్కలు ఉడికిన జిగురు నీళ్ళలో మొక్కజొన్న పిండి కొంచెం కొంచెంగా పోస్తూ, బల్లపరుపు చెక్క తెడ్డుతో ఉండ కట్టకుండా కలుపుతారు. దించేసరికి మన సంగటిలా ముద్దగా, ఇంకాస్త మెత్తగా, గిన్నె అంచు వదిలి వచ్చేస్తుంది. దాని మీద ఉల్లిపాయ, టమాటా, థైమ్ ఆకు, నిమ్మరసం వేసి మగ్గబెట్టిన చేప చుట్టలు, పైన పులుసు. కాలంలో దొరికిన చేపతో వండితే చెంచా పక్కన పెట్టి చేత్తో తినాలనిపిస్తుంది. ఫ్రీజరు చేపతో వండినప్పుడు పులుసు బాగుంటుంది.

కాలంలోనే వెళ్ళినా దొరుకుతుందన్న పూచీ లేదు. ఈ చేపకి దేశభక్తి తక్కువ. తన బొమ్మ ఎవరి నాణెం మీదుందో చూసుకోకుండా గుంపులు గుంపులుగా టొబాగో వైపు పోతుంది. వెంట వెళ్ళిన బార్బడోస్ జాలర్లని 2004లో ట్రినిడాడ్ అండ్ టొబాగో అధికారులు అరెస్టు చేశారు. వ్యవహారం అంతర్జాతీయ ట్రిబ్యునల్ దాకా పోయింది. 2006లో తీర్పు వచ్చింది. సముద్రంలో సరిహద్దు గీశారు కానీ, అవతలివాళ్ళ నీళ్ళలో చేపలు పట్టుకునే హక్కు ఇవ్వడం మా పరిధిలోది కాదు, మీలో మీరు మాట్లాడుకుని ఒప్పందానికి రండి అన్నారు. 2011 నుంచి సర్గాసమ్ నాచు ఒకటి తోడైంది. గోధుమరంగు చాపలు పరిచినట్టు సముద్రం మీద తేలుతూ వచ్చి వలలకీ ఇంజన్లకీ చుట్టుకుంటుంది. ఇదంతా భోజనం బల్ల దగ్గర తలుచుకుంటే ఆకలి చచ్చిపోతుంది. తలుచుకోకండి.

2024 జూన్ 29 మాత్రం మీకు గుర్తుండే ఉంటుంది. కెన్సింగ్టన్ ఓవల్‌లో దక్షిణాఫ్రికాని 7 పరుగుల తేడాతో ఓడించి మనవాళ్ళు టీ20 ప్రపంచ కప్పు గెలిచారు. వెంటనే బెరిల్ తుపాను వచ్చి పడింది. కప్పుతో సహా జట్టంతా బ్రిడ్జ్‌టౌన్ హోటల్లో చిక్కుకుపోతే మనం టీవీల ముందు గోళ్ళు కొరుక్కున్నాం. క్రికెటర్లు ప్రత్యేక విమానంలో క్షేమంగా వచ్చేశారు. జూలై 1న ఆ తుపాను ధాటికి అదే ఊళ్ళో రేవులో కట్టేసిన చేపల పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని ముక్కలయ్యాయి, మునిగిపోయాయి. దీవిలో జాలర్ల బతుకుతెరువులో పెద్ద భాగం అలా పోయింది. అలాంటి దెబ్బ తగిలిన మరుసటి వారం వెళ్ళినా మీరు పట్టు సడలించకండి. "లోకల్ ఫిష్" అనే అడగండి. మెనూ కార్డు లామినేషన్ చేయించింది, దానికి తుపాన్లు తగలవు.

అసలు లోకల్ అంటే ఏమిటో కూడా తెలుసుకుందాం. వీధి చివర బండి మీద నూనెలో వేయించి ఇచ్చే ఫిష్ కేకులకన్నా బార్బడోస్ రుచి ఇంకోటి లేదంటారు. అందులో ఉండేది ఉప్పు చేప. ఆ కాడ్ చేప చల్లటి సముద్రాల్లోది, కరీబియన్ గాలి ఎన్నడూ పీల్చినది కాదు. చెరకు తోటల్లో బానిసలకి చవగ్గా తిండి పెట్టాలని ఉత్తర అమెరికా నుంచి ఎండబెట్టిన కాడ్‌ని ఓడల్లో దింపేవారు. ఆ బానిసల వారసులు దాన్ని తమ చేతి నేర్పుతో సొంత రుచిగా మార్చుకున్నారు. ఇందులో మోసమేమీ లేదు, నిశ్చింతగా తినండి. 'ఐలాండ్ సాల్మన్' అని కనిపిస్తే మాత్రం ఆ ఊహాశక్తికి వెయిటర్‌కి ఇంకో డాలరు టిప్పు ఇవ్వండి.

కొబ్బరి కోరులో దొర్లించి వేయించిన రొయ్యలు వస్తే ఒక్క క్షణం ఆగి నమస్కారం పెట్టండి. అక్కడి హోటళ్ళ సరుకు చాలావరకు అమెరికా మీదుగా వస్తుంది. కొన్నేళ్ళుగా అమెరికాకి రొయ్యలు ఎగుమతి చేసే దేశాల్లో ముందు వరసలో ఉన్నది మనమే, మనదేశపు చెరువు రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. భీమవరంలోనో ఆకివీడులోనో పుట్టి పెరిగిన మనూరి పిల్ల మీకన్నా ముందే వీసా లేకుండా అక్కడికి చేరి ఉండవచ్చు.

మనవాళ్ళకి బజారులో మొప్ప ఎత్తి చూడందే చేప కొన్న తృప్తి ఉండదు. మొప్ప ఎర్రగా ఉందా, కన్ను ఉబ్బి నిగనిగలాడుతోందా, వేలితో నొక్కితే గుంట పూడుతోందా అని చూస్తాం. ఈ బెడద లేకుండా హోటళ్ళు తల, కన్ను, మొప్ప అన్నీ తీసేసి ఫిల్లెట్ మాత్రమే తెస్తాయి. మెనూలో 'డాల్ఫిన్' అని చూసి గుండె చేత్తో పట్టుకోకండి, అది మాహి-మాహి చేప. నీళ్ళలో ఉన్నప్పుడు బంగారం, పచ్చ, నీలం కలిసి మెరిసే చేప అది. పైకి తీసిన కాసేపటికే బూడిద రంగుకి తిరుగుతుంది. ముక్క మధ్యలో నెత్తురు చార ఒకటుంటుంది. ఎర్రగా ఉంటే కొత్తది, గోధుమరంగుకి తిరిగితే పాతది. అందుకే నల్లగా మాడ్చినదీ, చిక్కటి సాసులో ముంచినదీ ఆర్డర్ చేయండి, చార కనిపించదు. మాహి, ట్యూనా లాంటివి చల్లదనం లేక నిలవున్నాయంటే వాటిలో హిస్టమిన్ చేరుతుంది. వండినా పోదు. నాలుక చురచురమంటుంది, ముఖం ఎర్రబడుతుంది. ఆ చురచుర తెలియకూడదంటే బల్ల మీదున్న పచ్చటి పెప్పర్ సాసు ధారాళంగా పోసుకోండి. స్కాచ్ బానెట్ మిరపకాయలు, ఆవపిండి కలిపి చేసిన ఆ సాసు ముందు హిస్టమిన్ ఏపాటి?

శుక్రవారం రాత్రి ఆయిస్టిన్స్ వెళ్ళమని అందరూ చెబుతారు. వెళ్ళండి. పాటలు, పొగ, బస్సుల కొద్దీ జనం, నిప్పుల మీద మార్లిన్ ముక్కలు, పక్కన మెకరోనీ పై. అంత రద్దీలో ఏ ముక్క ఏ పడవదో వండేవాళ్ళకే గుర్తుండదు. పొరపాటున కూడా మధ్యాహ్నం పూట ఆ పక్కనే ఉన్న చేపల మార్కెట్లోకి పోకండి. అక్కడ ఆడవాళ్ళు బల్లల ముందు నిలబడి ఎగిరే చేపల ముళ్ళు తీస్తుంటారు. చిన్న కత్తి. వెన్ను పక్కగా ఒక గీత, చేప రెండుగా విచ్చుకుంటుంది. వెన్నెముక లేచి వస్తుంది, కత్తి మొన పక్క ముళ్ళ వరస వెంట పోతుంది, రెక్కలు బుట్టలో పడతాయి. మాట్లాడుతూనే ఉంటారు, చూపు చేప మీద ఉండదు. వాళ్ళని "ఇవాళ ఏం పడింది?" అని అడిగారా, ఏది పడిందో, ఏది పడలేదో, ఏది ఐసులోదో మొత్తం చెప్పేస్తారు. దాంతో మీకు నచ్చింది తినే స్వేచ్ఛ పోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకో రకం చోట. లోపల నాలుగు బల్లలు, గోడ మీద సుద్దముక్కతో రాసిన పలక, దాని మీద రెండు మూడు పేర్లు కొట్టేసి ఉంటాయి. యజమానురాలే వంటింట్లోంచి తొంగి చూసి "ఇవాళ చేప లేదు, కోడికూర ఉంది" అంటుంది. ఒక్క నిమిషం కూడా ఉండకండి. రోడ్డు దాటితే ఎదురుగా అన్ని రకాల చేపలూ అన్ని రోజులూ దొరికే ఏసీ హోటలుంది.