రెక్క దొరికిన నుసుము, వేలిముద్ర దొరకని అభ్యర్థి

అయిదు కోట్ల ఏళ్ల కిందట చచ్చిన నుసుముకు జరుగుతున్న మర్యాద చూస్తే అసూయ పుడుతుంది. తల పోయినా పర్వాలేదు, కాళ్లు ఊడినా పర్వాలేదు. రెండు మూడు మిల్లీమీటర్ల రెక్క ఒక్కటి రాతి మీద అచ్చుపడి దొరికితే చాలు, మహా మహా చదువరులు దాని ముందు వంగి కూర్చుంటారు. ఈనెలు లెక్కపెడతారు, కొలుస్తారు, బొమ్మ గీస్తారు. నువ్వు ఫలానా ఇంటిదానివి, ఫలానా ఖండంలో నీ చుట్టాలున్నారు అని తేల్చి, లాటిన్‌లో నామకరణం చేసి, మ్యూజియం పెట్టెలో భద్రంగా పడుకోబెడతారు.

ఇక బతికున్న జీవి సంగతి చూద్దాం. 2023 జూన్ 11న తెలంగాణలో రెండు లక్షల ముప్పై మూడు వేల పైచిలుకు మంది గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. రాసింది వాళ్లేనా అని హైకోర్టు అడిగింది. పరీక్ష పెట్టిన పబ్లిక్ సర్వీస్ కమిషన్ దగ్గర వేలిముద్రలు లేవు. తీసుకుంటామని నోటిఫికేషన్‌లో రాసుకున్నది తామే, తీసుకోనిదీ తామే. ఎంతమంది రాశారన్న దానికీ రెండు అంకెలు: పరీక్ష రోజు 2,33,248, తర్వాత 2,33,506. మధ్యలో 258 మంది ఎక్కడినుంచి వాలారో ఏ కీటక శాస్త్రవేత్తా చెప్పలేడు. సెప్టెంబరులో పరీక్ష రద్దయింది.

అందుకే హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ నుసుముల శాస్త్రం కాస్త చెప్పాలనిపించింది. సిలబస్‌లో లేదు, నిజమే. కానీ మిమ్మల్ని గుర్తుపట్టాల్సినవాళ్లు ఎంత తేలిక పని చేయలేకపోయారో తెలియాలంటే ఇది తెలియాలి.

ఈగలకూ దోమలకూ నుసుములకూ ఉన్నవి రెండే రెక్కలు. వెనక జత ఎప్పుడో కుంచించుకుపోయి రెండు చిన్న గదల్లా మిగిలింది, ఎగిరేటప్పుడు తూలకుండా చూడటమే వాటి పని. ఆ ముందు రెక్కలోనే ఉంది జాతకమంతా. 1898లో కామ్‌స్టాక్, నీధమ్ అనే ఇద్దరు అమెరికన్లు పురుగుల రెక్కల ఈనెలన్నిటికీ ఒకే వరస పేర్లు పెట్టారు: ముందంచున కాస్టా, దాని వెనక సబ్‌కాస్టా, తర్వాత రేడియస్, మీడియా, క్యూబిటస్, చివర ఏనల్. ఏ ఈనె ఎక్కడ చీలింది, ఏది ఏదాకా పోయి ఆగింది, ఏ రెంటి మధ్య అడ్డ ఈనె ఉంది, ఇదీ లెక్క. మీడియా ఈనె రెండు పాయలై గంట ఆకారంలో విచ్చుకుంటే అది కుళ్లిన ఆకుల్లో పెరిగే నల్లరెక్కల నుసుము. మీడియా చీలకుండా ఒంటిగా సాగిపోతే చెరువు గట్ల మీద గుంపులుగా లేచే, కుట్టని రకం అయ్యుండొచ్చు. రెండు పాయలైతే కుట్టే రకాన్ని అనుమానించాలి. ఈనెల మీద పొలుసులుంటే దోమ. ఈనెలు దాదాపు మాయమై నాలుగు గీతలు మిగిలితే గాల్ మిడ్జ్ ఇంటిది. ఆ ఇంటి బిడ్డనే మన వరి రైతు ఉల్లికోడు అని తిట్టుకుంటాడు. రైతు దాని రెక్క చూడడు, గొట్టంలా మారిన పిలక చూసి గుర్తుపడతాడు. వేలిముద్ర యంత్రం అతనికీ లేదు, అయినా పొరపడడు.

ఈ శాస్త్రంలో నాకు బాగా నచ్చినవి రెండు. రెక్క కొన విరిగిపోయి చీలిక కనిపించకపోతే, 'స్థానం అనిశ్చితం' అని రాసి వదిలేస్తారు. తెలియదని ఒప్పుకోవడానికి అక్కడ అంగీకరించిన పద్ధతి ఒకటుంది. రెండోది, కొత్త జాతికి పేరు పెట్టాలంటే ఏ నమూనా చూసి పెట్టారో దాన్ని దాచిపెట్టాలి. దాచిపెట్టడమంటే మన అర్థంలో కాదు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వచ్చి, అదే రెక్కను, అదే మైక్రోస్కోప్ కింద చూసి, నువ్వు తప్పు లెక్కపెట్టావయ్యా అనగలిగేలా ఉంచాలి. మూల్యాంకనం మీద అనుమానం వచ్చి కోర్టు మెట్లెక్కిన గ్రూప్-1 మెయిన్స్ అభ్యర్థులకు ఈ నియమం అమృతంలా వినిపిస్తుంది.

ఇదంతా పరాయి దేశాల ముచ్చట అనుకోవద్దు. గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో చెట్ల జిగురు గట్టిపడిన అంబర్ దొరికింది. దాదాపు అయిదు కోట్ల ఏళ్లది. అందులో చిక్కుకున్న పురుగుల మీద 2010లో వ్యాసం వచ్చింది. కుట్టే నుసుములూ బూజు తినే నుసుములూ ఉన్నాయి వాటిలో. అంతకుముందు పండితులు అనుకున్నదేమిటంటే, భారతదేశం అప్పుడు సముద్రంలో ఒంటరి ద్వీపంలా కోట్ల ఏళ్లు తేలింది కాబట్టి ఇక్కడి పురుగులు ఎవరికీ చుట్టాలు కాకూడదు. తీరా చూస్తే యూరప్ దాకా చుట్టరికాలు బయటపడ్డాయి. కంటికి ఆనని పురుగులు సాక్ష్యం చెబితే ఖండాల కథ దిద్దుకున్నారు. ఇక్కడ మనుషులు వేలమంది వచ్చి సాక్ష్యం చెప్పినా ఒక తాత్కాలిక జవాబుల 'కీ' దిద్దుకోవడానికి కమిషన్‌కు ప్రాణం ఒప్పదు.

మన ప్రాణహిత-గోదావరి లోయలోని కోటా పొరలు ఇంకా పాతవి, జురాసిక్ నాటివి. ఉమ్మడి ఆదిలాబాద్ యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకల గూడు, కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్ నగర్ నుంచి ఆటోలో పోయేంత దూరంలో, బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఆ పొరల్లో పురుగుల అవశేషాలూ బయటపడ్డాయి. అశోక్ నగర్‌లో ఎవరిని లేపి అడిగినా కోటాసారస్ ఎక్కడ దొరికిందో చెబుతారు. వెళ్లి చూశారా అంటే నవ్వుతారు. బిట్టుకు అరనిమిషం, దర్శనానికి అరపూట, ఏది లాభమో వాళ్లకు కోచింగ్ నేర్పింది.

రెక్క చూసి జాతి చెప్పడం అనే విద్యకు హైదరాబాద్ పుట్టినిల్లు కాకపోయినా మేనమామ ఇల్లు అనుకోవచ్చు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. ఆయన కీటక శాస్త్రవేత్త కాడు, సైనిక వైద్యుడు. దోమల పేర్లు ఆయనకు తెలియవు. చారల దోమ, బూడిదరంగు దోమ, మచ్చల రెక్కల దోమ అని తనకు తోచినట్టు విడగొట్టుకున్నాడు. మొదటి రెండూ కోసి కోసి విసిగాడు. మచ్చల రెక్కలది కోస్తే దొరికింది. అదే అనాఫిలిస్. 1902లో నోబెల్ వచ్చింది. దోమల చేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున ముట్టింది.

ఈ అణా దగ్గర ఒక్క క్షణం ఆగాలి. హుస్సేన్ సాగర్ నాలా అశోక్ నగర్‌ను ఒరుసుకుంటూ పోతుంది. దాని ఒడ్డున, ఇరుకు గదుల్లో, పాలిటీ పుస్తకం మీద కళ్లు మూతలు పడుతున్న రాత్రుల్లో మా పిల్లలు కొన్నేళ్లుగా దోమలకు రక్తం పోస్తున్నారు. రాస్ రేటు కడితే ఈ పాటికి ప్రతి ఒక్కరికీ గెజిటెడ్ జీతం బకాయి పడి ఉండాలి. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది, దోమ తెచ్చే రోగానికి పరీక్ష ఎక్కడో అక్కడివాళ్లకు తెలుసు. అశోక్ నగర్ పిల్లలు రాసే పరీక్ష ఎప్పుడో ఎవరికీ తెలియదు.

పరీక్ష చరిత్ర కూడా పొరలు పొరలుగానే దొరుకుతుంది. అడుగు పొర 2022 ఏప్రిల్, 503 పోస్టులు, రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1. 'నీళ్లు, నిధులు, నియామకాలు' అని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రానికి మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ రావడానికి ఎనిమిదేళ్లు. దాని మీద 2022 అక్టోబరు 16 పొర, ప్రిలిమ్స్ అయ్యాయి. అప్పుడు వేలిముద్రలు తీసుకున్నారు. 2023 మార్చిలో పేపర్ లీకై ఆ పొర చెరిగిపోయింది. జూన్‌లో మళ్లీ రాస్తే అదీ పోయింది. పోయిన పరీక్షలు రెండింటిలో వేలిముద్ర ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. లీకైన దానికి ముద్ర వేయించి, లీకు కాని దానికి మానేయడం ఏ తర్కశాస్త్రంలో ఉందో చెప్పగలిగే ఫ్యాకల్టీ అశోక్ నగర్‌లో లేడు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న ప్రిలిమ్స్. అక్టోబరులో రిజర్వేషన్ల జీవో 29 మీద అశోక్ నగర్ రోడ్ల మీదికి వచ్చింది, లాఠీలూ వచ్చాయి, అదే నెల 21 నుంచి మెయిన్స్ జరిగాయి. 2025 సెప్టెంబరు 9న సింగిల్ జడ్జి ఆ ఫలితాలను కొట్టేశారు, 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పు అమలును నిలిపివేసింది, 27న నియామక పత్రాలు పంచారు. ఇంత గజిబిజి పొరలు గోదావరి లోయలోనూ ఉండవు.

ఈ మధ్యలో కమిషన్ అనే జీవికి పేరూ మారింది. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. కీటక శాస్త్రంలో ఒకే పురుగుకు రెండు పేర్లుంటే ముందు పెట్టిన పేరే చెల్లుతుంది, రెండోది పర్యాయపదంగా కింద పడుంటుంది. కొత్త పేరు నిలవాలంటే రెక్కలో ఏదో ఒక తేడా చూపించాలి. ఒక అక్షరం తప్ప ఏ ఈనె మారిందో కమిషన్ చూపిస్తే వినడానికి సిద్ధం.

పార్టీల వర్గీకరణ ఇంకా తేలిక. ఎన్నికల ముందు అశోక్ నగర్‌లో వాలేవి ఒక రకం, ఎన్నికల తర్వాత ఇందిరా పార్కు ధర్నాచౌక్‌లో వాలేవి ఒక రకం. రెండూ ఒకటే జాతి, రుతువును బట్టి చోటు మారుస్తాయి. 2023లో అధికారంలో ఉండి పరీక్షలు పోగొట్టుకున్న బీఆర్ఎస్ వారికి ఇప్పుడు నిరుద్యోగుల బాధ ఈనె ఈనెగా కనిపిస్తోంది. అదే ఏడాది నవంబరులో రాహుల్ గాంధీ వచ్చి పిల్లలతో ముచ్చటించి వెళ్లారు. మొదటి ఏడాదిలో రెండు లక్షల ఉద్యోగాలని కాంగ్రెస్ మాటిచ్చింది. 2024 ఆగస్టులో శాసనసభలో జాబ్ క్యాలెండర్ పెట్టారు. క్యాలెండర్ అంటే తేదీలుండేదని ఇన్నాళ్లూ ఒక భ్రమ ఉండేది.

నుసుములను గుర్తించడానికి 'కీ' పుస్తకాలుంటాయి, రెండేసి ప్రశ్నలతో. మీడియా చీలిందా? చీలితే నాలుగో ప్రశ్నకు పో. లేకపోతే మూడుకు. ఆ పద్ధతిలోనే అశోక్ నగర్ అభ్యర్థికీ ఒక కీ రాయవచ్చు. ఇంటినుంచి డబ్బు వస్తోందా? వస్తుంటే గ్రూప్-1, ఆగిపోతే గ్రూప్-2, ఊళ్లో పొలం అమ్మకానికి పెడితే గ్రూప్-3తో పాటు ఏది పడితే అది. వయోపరిమితి దాటిందా? దాటకపోతే గ్రంథాలయంలో వెతుకు. దాటితే కోచింగ్ సెంటర్లో వెతుకు, బోర్డు ముందు నిలబడి ఉంటాడు. గ్రూప్-2 వాడైతే గుర్తు తేలిక: 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే, తేదీల మీద తేదీలు వాయిదా పడి, 2024 డిసెంబరు 15, 16న పరీక్ష రాసినవాడు. ఆ రెండేళ్లలో నాలుగు హాస్టళ్లు మారి ఉంటాడు, పెళ్లి సంబంధాలు అన్నీ పోయి ఉంటాయి.

వీళ్లను జిగురులో చిక్కిన దోమతో పోల్చబోయి ఆగిపోయాను. దోమకు అన్యాయం. ఆ చెట్టు నోటిఫికేషన్ ఇచ్చి పిలవలేదు, ఫీజు తీసుకోలేదు, అంటుకున్నాక వాయిదా వేయలేదు.

కమిషన్ వారికి మనవి. తర్వాతి పరీక్షకు వేలిముద్ర యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో ముందురోజే చూసుకోండి. ఎంతమంది రాశారో ఆ సాయంత్రమే చెప్పండి, మర్నాడూ అదే అంకె చెప్పండి. దిద్దిన జవాబుపత్రం అడిగినవాడికి చూపించండి. ఎక్కడైనా సందేహం మిగిలితే 'అనిశ్చితం' అని మీరే రాయండి, హైకోర్టు చేత రాయించుకోవద్దు. ఈ నాలుగూ చేయడానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు.