వచ్చేస్తుంది, కూర్చోండి

ఇంటికొచ్చినవాళ్లకు కొందరు పెళ్లి ఆల్బం చూపిస్తారు, కొందరు అమెరికా మనవడి ఫొటోలు చూపిస్తారు. మా అపార్ట్‌మెంటులో చేపల బాబాయిగారు రాయి చూపిస్తారు. "దాని వెనకే ఉంది, వచ్చేస్తుంది, కూర్చోండి" అంటారు. కాఫీ చల్లారుతుంది. చేప రాదు.

అది మాండరిన్ చేప. ఉప్పునీటి ట్యాంకులో వేలెడంత ప్రాణి. చేప కనబడని లోటు బాబాయి నోటితో తీరుస్తారు. "నీలం ఒంటి మీద నారింజ మెలికలు, కలంకారీ కలానికి పూనకం వచ్చినట్టు! మగది కదా, వీపు మీద తురాయి. చైనా దర్బారు అధికార్ల పట్టు అంగీల్ని బట్టే ఆ పేరు." ఇంత చెప్పే ఆయన ఒంటి మీద చంకలో చిరిగిన బనీను, పుట్టినప్పటి రంగు మరిచిపోయిన లుంగీ.

నీలం దగ్గరకొచ్చేసరికి గొంతు పెరుగుతుంది. "నెమలి నీలం నీలమే కాదండీ. పాలపిట్టదీ అంతే. ఈకలో వెలుగు చేసే గారడీ. నూరితే నీలం పొడి రాలదు. దీనికి చర్మంలోనే అసలు సిసలు నీలం రంగు! వెన్నెముక ఉన్న జీవుల్లో ఇలాంటివి బహు అరుదు." దసరాకు పాలపిట్టను చూసి దండం పెట్టుకొచ్చిన మా మామగారి ముందే అన్నారీ మాట. నిజం కావడం వల్ల ఇంకా మండింది.

"ఒంటి మీద ఒక్క పొలుసు ఉండదు, అంతా జిగురే" అన్నారోసారి. "అయితే గీకే పనే లేదన్నమాట" అంది మా కాకినాడ వదిన. ఆ జిగురు కంపనీ, చేదనీ, పెద్ద చేపలే నోట పెట్టవనీ చెప్పబోయిన బాబాయికి మాట పడిపోయింది. వదినకు కాఫీ కూడా రాలేదు.

మొన్న మెయింటెనెన్స్ డబ్బులకు వెళ్తే ఆయన స్నానానికి వెళ్లారు. రాయి వెనక నుంచి వచ్చింది దొరవారు! పొట్ట కింది రెక్కల మీద గెంతుతూ అద్దం దాకా వచ్చి, తురాయి లేపి, గుడ్లు మిటకరించి నన్ను చూసింది. రాతిని రెండుసార్లు పొడిచింది. ఆ నీలం... బాబాయి తక్కువే చెప్పారు.

బాత్రూం గడియ చప్పుడైంది. చేప మాయం.

తువ్వాలుతో వచ్చిన బాబాయి నన్ను చూసి, "ఉండు, వచ్చేస్తుంది, కూర్చో" అన్నారు.

కూర్చున్నాను.