ఎవరి బోరు వారిదే

ఇప్పటి పిల్లలకి ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా ఒక్క లైను కొట్టి టీకి వెళ్లిపోతారు. తిరిగొచ్చేసరికి వందల ఫోల్డర్లు దిగి ఉంటాయి. అవేమిట్రా అని అడగండి. "డిపెండెన్సీలు అంకుల్" అంటారు. ఎవరు రాశారు? ఏ లైసెన్సు? మొహమొహాలు చూసుకుంటారు.

మా రోజుల్లో డిపెండెన్సీ అంటే ముఖాముఖి యుద్ధం. పత్రికతో పాటు వచ్చిన సీడీ పెట్టి రెడ్‌హ్యాట్ ఎక్కించుకుని, ఏదో మ్యూజిక్ ప్లేయర్ వేసుకుందామని ఆర్పీఎం కమాండ్ కొడితే, ఫలానా లైబ్రరీ ఫలానా నంబరుది లేదు, పొమ్మనేది. దాన్ని డయలప్‌లో దించాలి. ఈలోపు ఇంట్లో ఎవరైనా ఫోనెత్తారా, గోవిందా. దిగినదానికి ఇంకో రెండు కావాలి. ఆ రెంట్లో ఒకదానికి కొత్త సీ లైబ్రరీ కావాలి. సీ లైబ్రరీని కదిపితే మిషన్‌లో సమస్తం కదులుతుంది. దానికి డిపెండెన్సీ నరకమని పేరు. నరకమే, కాదనను. కాకపోతే అందులోని యమభటులందరి పేర్లూ మాకు కంఠతా వచ్చు.

1999లో డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో 2.1తో పాటు ఆప్ట్ వచ్చింది. దేనికేం కావాలో తనే లెక్కగట్టి, వరస తప్పకుండా దించి ఎక్కించేది. 2002లో డెబియన్ వుడీ ఏడు సీడీల మీద వచ్చింది. చూసినవాళ్లు మాయ అనుకున్నారు. మాయ కాదు, చాకిరీ. వందలమంది మెయింటెయినర్లు జీతం బత్తెం లేకుండా ఒక్కో సోర్సూ విప్పి చదివి, కంట్రోల్ ఫైల్లో అన్నీ రాసిపెట్టబట్టి ఆప్ట్‌కి ఆ తెలివి.

లైబ్రరీని ప్యాకేజీ చేయడమంటే జిప్ ఫైలు చుట్టడం కాదు నాయనా. ఒక్క సోర్సులోంచి కనీసం రెండు తీయాలి. ప్రోగ్రాములు నడవడానికి లైబ్రరీ ఒకటి, కంపైల్ చేసుకునేవాళ్లకి హెడర్లతో డెవ్ ప్యాకేజీ ఇంకొకటి. లైబ్రరీ లోపల సోనేమ్ అని ఉంటుంది, దాని తోకకి ఒక అంకె. బయటివాళ్లు వాడే ఫంక్షన్ ఒకటి తీసేసినా, స్ట్రక్చర్ సైజు మారినా ఆ అంకె మారాలి. అంకె మారితే ప్యాకేజీ పేరే మారుతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కనే బతుకుతాయి. లైబ్రరీ రాసినాయన అంకె మార్చడం మర్చిపోతే? మెయింటెయినరే పట్టుకోవాలి. సింబల్స్ జాబితా ముందేసుకుని, ఏది మాయమైందో వెతికి, ఆయనకి మర్యాదగా మెయిల్ రాయాలి. ఆయన అమర్యాదగా జవాబిస్తాడు. అదీ పనిలో భాగమే.

ఆ శ్రద్ధ పూర్తిగా చావలేదు, నిజం చెప్పుకోవాలి. 2038 జనవరి 19న 32 బిట్ల గడియారం నిండిపోతుంది. దానికోసం డెబియన్‌వాళ్లు 2024లోనే వందలాది లైబ్రరీల పేర్ల చివర టీ64 అని తగిలించి, వాటి మీద ఆధారపడ్డవన్నీ మళ్లీ కంపైల్ చేశారు. ఒకప్పటి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 ఇప్పుడు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయి కూర్చుంది. పేరు వికారంగానే ఉంది. కానీ పద్నాలుగేళ్ల ముందు కదిలారు. వచ్చే నెల సంగతి పట్టనివాళ్ల మధ్య అది గొప్పే.

ఇంత తంటా ఎందుకంటారా? 2002 మార్చిలో జీలిబ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో లోపం బయటపడింది. ఒకసారి వదిలేసిన మెమరీనే మళ్లీ వదలడం. 1.1.4తో సరిచేశారు. ఆ ఒక్క ప్యాకేజీ మారిస్తే దాన్ని పంచుకునే ప్రోగ్రాములన్నీ బాగుపడ్డాయి. జీలిబ్ కోడ్‌ని తమ సోర్సులోనే కాపీ చేసి దాచుకున్నవి మాత్రం, లినక్స్ కెర్నల్‌తో సహా, దేనికది విడిగా మందేసుకోవాల్సి వచ్చింది. ఊరికి ఒకటే మంచినీళ్ల బావి ఉంటే నీళ్లు చెడగానే పదిమందీ చేరి తోడిపోస్తారు. ఇప్పుడు ఇంటింటికీ బోరు. ఎవరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉందో ఎవరికి తెలుసు?

2021 డిసెంబరులో అదే జరిగింది. జావా లైబ్రరీ లాగ్‌ఫోర్‌జేలో పెద్ద కన్నం పడిందని తెలియగానే ప్రపంచమంతా ఒకటే వెతుకులాట. మార్చడం తేలికే. అసలు ఎక్కడుందో తెలిస్తే కదా! జార్ ఫైల్లో జార్, దాని లోపల ఇంకో జార్. దుకాణం నడిపేవాళ్లకే తమ సరుకులో అది ఉందో లేదో తెలియదు. అంతకు ముందు 2016లో లెఫ్ట్‌ప్యాడ్ గోల. పదకొండు లైన్ల కోడ్. అక్షరాల ముందు ఖాళీలు నింపడం దాని ఘనకార్యం. రాసినాయనకి కోపమొచ్చి ఎన్‌పీఎంలోంచి పీకేస్తే పెద్దపెద్ద ప్రాజెక్టుల బిల్డులు బోర్లాపడ్డాయి. పదకొండు లైన్లు కూడా సొంతంగా రాసుకోలేకపోయారా అని ఆ రోజు నేనన్నందుకు నన్ను చాదస్తుడన్నారు.

దానికి కుర్రాళ్ల దగ్గర రెడీమేడ్ జవాబు ఉంది. ఎక్స్‌జెడ్! ఆ కంప్రెషన్ ప్రాజెక్టులో ఎవడో జియా టాన్ అనే మారుపేరుతో చేరి, రెండేళ్లకి పైగా బుద్ధిమంతుడిలా పనిచేసి, 5.6.0లో దొంగదారి పెట్టాడు. "అది విప్పుకున్నది డెబ్, ఆర్పీఎం ప్యాకేజీలు కట్టేటప్పుడే కదా అంకుల్? ఎస్‌ఎస్‌హెచ్‌లోకి దూరింది మీ డిస్ట్రోలు అతికించిన ప్యాచ్ వల్లే కదా?" నిజమే. ఒప్పుకుంటాను. కానీ పట్టుకున్నదెక్కడ? డెబియన్ అన్‌స్టేబుల్‌లో. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తవ్వి తీసి, 2024 మార్చి 29న బయటపెట్టాడు. స్టేబుల్‌లో అప్పటికి ఉన్నది 5.4. ముసలి సరుకని మీరు నవ్వే స్టేబుల్‌కి ఆ విషం సోకనేలేదు.

మాది సత్యయుగమని కూడా అనను. 2006లో డెబియన్‌లోనే, వాల్‌గ్రైండ్ సణుగుతోందని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లైన్లు తీసేశారు. ఆ దెబ్బతో తాళంచెవులు ఊహకందేవిగా తయారయ్యాయి. ఒక్కో రకానికి 32,768 మించి పుట్టవు. 2008 మే దాకా ఎవరూ చూడలేదు.

మన తెలుగు విషయంలో మాత్రం నోరు మూసుకుంటాను. మా రోజుల్లో గ్నోమ్‌కి పాంగో, కేడీఈకి క్యూటీ, ఓపెన్‌ఆఫీస్‌కి ఐసీయూ. ఒత్తులు పేర్చే కోడ్ ఎవరిది వారిదే. ఒకచోట లక్ష్మి బాగుంటే ఇంకోచోట ఒత్తు ఊడి పక్కన పడేది. ఇప్పుడు అన్నిటికీ హార్ఫ్‌బజ్. లిబ్రేఆఫీస్ 5.3 నుంచి అదే. ఒత్తు ఒక్కచోట దిద్దితే చాలు. ఒకే లైబ్రరీ ఉండాలని నేను మొత్తుకునేది ఇందుకే కదా, అది ఈ కాలంలోనే కుదిరింది. కడుపుమంట.

అది తప్పిస్తే మిగతాదంతా పెడదారే. 2021లో పైథాన్ క్రిప్టోగ్రఫీ 3.4కి రస్ట్ కంపైలర్ కావాలన్నారు. పైథాన్ లైబ్రరీకి రస్ట్ దేనికి? సరే, మెమరీ భద్రతట, మంచిదే. కానీ రస్ట్ లేని పాత మిషన్ల మీద నడిపేవాళ్లు ఏమైపోవాలి? డెబియన్‌లో ఒక్క రస్ట్ ప్రోగ్రాము ప్యాకేజీ చేయాలంటే దాని క్రేట్లన్నీ, అంటే రస్ట్ లైబ్రరీలన్నీ, ఒక్కొక్కటీ విడిగా ప్యాకేజీ కట్టాలి. ఒక్కోదానికి కాపీరైట్ ఫైలు. ఒక్కోటీ కొత్త ప్యాకేజీల న్యూ క్యూలో నిలబడాలి. అక్కడివాళ్లు లైసెన్సులు చదివి పంపాలి. వారాలు పట్టొచ్చు.

ఇదంతా విని మా పక్కింటి కుర్రాడు, "కంటైనర్‌లో పెట్టేస్తే పోలా అంకుల్?" అన్నాడు. పెట్టు నాయనా. నువ్వు దించుకున్న ఆ పైథాన్ ఇమేజ్ అడుగున ఏముందో ఒకసారి చూడు. డెబియన్. ఇంతకీ నీ డాకర్‌ఫైల్లో రెండో లైను ఏం రాసుకున్నావు? ఆప్ట్-గెట్ ఇన్‌స్టాలేనా?