ఆమె సంగతి వేరే

సూరత్‌లోని ఖటోదరా పేరులోనే మరమగ్గం చప్పుడుంది. జీఐడీసీ పారిశ్రామికవాడ షెడ్ల మధ్య నిలబడి మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. మా బావ ముప్ఫై ఏళ్ళ పైనుంచి అక్కడ మగ్గాల మాస్టరు. అందుకే ఇంట్లో చారులో ఉప్పు తక్కువైందని చెప్పినా బహిరంగ సభలో చెప్పినట్టే ఉంటుంది. ఎన్నికలు దగ్గర పడ్డప్పుడల్లా అదే గొంతుతో ఓ మాట ప్రకటిస్తాడు.

"నేను ఆడా మొగా చూడ బామ్మర్దీ. పని చూస్త."

విన్నవాళ్ళకు ఆయన మీద గౌరవం పుడుతుంది. రెండో మాట వినేదాకా నిలుస్తుంది.

ఏ మహిళా అభ్యర్థి పేరైనా చెప్పండి. "ఆమె మొగడేం చేస్తడు?" అంటాడు. వ్యాపారమంటే, "అయితే పైసలు ఆయనయి." ఉద్యోగమంటే, "అయితే నడిపేది మామ." మొగుడు పోయాడంటే, "అయ్యో పాపం." ఆ పాపంతోనే ఓటూ పోతుంది. అక్కడితో పరీక్ష అయిపోదు. పిల్లలు ఎంతవాళ్ళు, మైకు పట్టుకుంటే చెయ్యి వణకదా, రాత్రి పన్నెండింటికి గటర్ పొంగితే వస్తదా? మగ అభ్యర్థికి మాత్రం ఒకటే ప్రశ్న, జవాబు కూడా బావే చెప్పేస్తాడు: "మంచోడేనట."

ఇన్నేళ్ళలో బావ రాత్రి పన్నెండింటికి ఏ మగ కార్పొరేటర్నీ నిద్ర లేపిన దాఖలా లేదు. గటర్ పొంగినప్పుడు చీర కుచ్చిళ్ళు ఎగదోపి చీపురు పట్టేది మా అక్క. బావ గుమ్మంలో నిలబడి, నీళ్ళు ఏ వైపు తోయాలో చెబుతాడు.

సూరత్ నగరపాలికలో 30 వార్డులు, వార్డుకు నలుగురు, మొత్తం 120 సీట్లు. అందులో సగం ఆడవాళ్ళకు. ఒక్కో ఓటరుకు నాలుగు ఓట్లు. బావకు ఈ లెక్కంటే చచ్చేంత చిరాకు. "సగం ఇచ్చినం గద. మిగిలిన సగంల గూడ నిలబడతమంటే మేమెటు పోవాలె?" ఇచ్చినవాడు తానేనన్నట్టు, తన జేబులోంచి తీసి ఇచ్చినట్టు అంటాడు.

2021 ఫిబ్రవరి ఎన్నికల్లో పూణా ప్రాంతం నుంచి ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున 22 ఏళ్ళ పాయల్ పటేల్ గెలిచింది. ఇక్కడ బావ ప్రశ్నపత్రం మొదటి ప్రశ్న దగ్గరే ఇరుక్కుంది. కాసేపు ఆలోచించి అన్నాడు: "కాబోయే మొగడేం చేస్తడో!"

గెలిచి నిలిచిన ఆడవాళ్ళ గురించి అడిగితే ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. దర్శనా జర్దోష్ 2009, 2014, 2019లో వరసగా మూడుసార్లు సూరత్ ఎంపీ, ఆ తర్వాత కేంద్రంలో జౌళి శాఖ సహాయమంత్రి. "ఆమె సంగతి వేరే." మన తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్న లింబాయత్‌లో సంగీతా పాటిల్ 2012 నుంచి మూడుసార్లు ఎమ్మెల్యే. "ఆమె సంగతి వేరే." ఆనందీబెన్ ముఖ్యమంత్రి అయ్యింది కదా? వేరే. ఇందిరాగాంధీ? "అబ్బో, ఆమెతోని పోలుస్తవా!" ఇట్లా వేరేవాళ్ళను తీసి పక్కన పెట్టుకుంటూ పోతే బావ సూత్రం వర్తించడానికి మా అక్క ఒక్కతే మిగిలేట్టుంది. ఆమె ఎన్నడూ ఎక్కడా పోటీ చెయ్యలేదు.

2024లో జర్దోష్‌కు టికెట్ రాలేదు, ముకేశ్ దలాల్‌కు వచ్చింది. ఆయన భార్య ఏం చేస్తుందని బావ అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు, ఏప్రిల్ 22నే ఏకగ్రీవమైపోయింది. కతార్‌గామ్‌లో ఓటుండీ వేయలేకపోయిన స్నేహితుణ్ణి పరామర్శించడానికి మాత్రం వెళ్ళొచ్చాడు, చావింటికి వెళ్ళినట్టు.

ఒక్క వాదనలో మాత్రం బావను ఓడించలేమనుకునేవాణ్ణి. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి జనం సూరత్ విడిచి పారిపోయినప్పుడు బావ కూడా ముక్కుకు తువ్వాలు కట్టుకుని నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగినవాడే. తిరిగొచ్చాక, 1995లో ఎస్.ఆర్. రావు కమిషనర్‌గా వచ్చి ఊరిని కడిగి ఆరేయడం కళ్ళారా చూశాడు. ఆ పేరెత్తితే బావ ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. "సూర్యదేవర రామచంద్రరావు! మన తెలుగాయన. మొగోడంటే గట్లుండాలె. ఆడామె అయితే చేస్తుండెనా?"

"ఆయన ఓట్లడగలేదు బావా, సర్కారు పంపితే వచ్చిండు," అంటే వినడు. పని చూడమంటాడు.

సరే, పనే చూశాం. 2024 జనవరిలో స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాలొచ్చాయి. ఇందోర్‌తో కలిసి సూరత్ దేశంలోనే మొదటి స్థానం. బావ కారఖానాలో పేడాలు పంచాడు. నేను రెండు పేడాలు తిని, నోరు తుడుచుకుని, మెల్లగా అడిగాను. "ఇప్పుడు కమిషనర్ ఎవరు బావా?"

"ఎవరు?"

"శాలినీ అగర్వాల్."

మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి గానీ నాకు మాత్రం కాసేపు నిశ్శబ్దంగా అనిపించింది. బావ డబ్బా మూత పెట్టాడు. "ఆమె ఆఫీసరు గదరా," అన్నాడు. "ఓట్లడిగిందా ఏమన్ననా? సర్కారు పంపితే వచ్చింది."

ఇంతకూ ఈయన ఆడవాళ్ళకు వ్యతిరేకా అంటే, కాదు. 2019 జనవరిలో తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో మా ఊరు మహిళా రిజర్వేషన్ అయ్యి, బావ సొంత అక్క సర్పంచికి నిలబడితే, పది రోజుల జీతం వదులుకుని రైలెక్కాడు. ఓటు సూరత్‌లో, నోరు ఊళ్ళో. దేశంలో ఏ పార్టీకి కావాల్సిన జెండాలూ కండువాలైనా సూరత్ బజారులో దొరుకుతాయి కదా, బ్యానరు గుడ్డ మీద ఇక్కడే అచ్చు వేయించి మోసుకెళ్ళాడు. మడత విప్పితే అందులో బావ వాళ్ళ బావ నిలువెత్తున దండం పెడుతున్నాడు. పోటీ చేస్తున్న మనిషి ఆయన మోచేతి కింద, పాస్‌పోర్టు ఫొటోలో. "మొఖం తెల్వాలె గద జనానికి," అన్నాడు. ఎవరి మొఖమో చెప్పలేదు. అయినా రాత్రి పగలు తిరిగి, గొంతు పూర్తిగా పోగొట్టుకుని, తన అక్కను గెలిపించాడు. ఆమె ప్రమాణం చేసినరోజు వెనక వరసలో నిలబడి ఏడ్చాడు కూడా. బొంగురుపోయిన గొంతుతో ఏడిస్తే అచ్చం నూనె వేయని మగ్గంలా ఉంది.

ఆయన్ను ఇన్ని మాటలంటున్నాను గానీ, ఆ బ్యానరు రెండో కొస పట్టుకుని చెట్టెక్కి కట్టినవాణ్ణి నేనే. మొన్న ఊళ్ళో ఇంటి పన్ను గురించి కనుక్కుందామని ఫోన్ తీశాను. 'సర్పంచి' అని దాచుకున్న నంబరు నొక్కితే మగ గొంతు పలికింది. ఎప్పుడూ ఆ గొంతే. ఆమె అయిదేళ్ళు సర్పంచిగా చేసి దిగిపోయింది కూడా. ఆమె నంబరు నా దగ్గర ఏనాడూ లేదు, కావాలనీ అనిపించలేదు.

ఇక 2021 ఫిబ్రవరి 21. ఆదివారం, ఓట్ల రోజు. బావ పొద్దున్నే మగ్గం బీము చిట్టీ ఒకటి చించి, దాని మీద నాలుగు నంబర్లు వేసి మా అక్క చేతికిచ్చాడు. పోలింగ్ బూత్ దగ్గర ఆడవాళ్ళ లైను తొందరగా కదిలింది. అక్క ముందే బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడింది. బావ వస్తూనే అడిగాడు.

"నాలుగు ఏసినవా?"

"ఏసిన."

"చిట్టీ చూసుకున్నవా?"

"చూసుకున్న."

అప్పటినుంచి బావ మాట ఒకటే. మా ఇంట్ల ఓట్లన్నీ ఒక్క తీరుగ పడ్డయి.

తర్వాత ఎప్పుడో అక్క చీరలకు లేసు కుట్టే పని లెక్క చూసిపెట్టమంటే ఆమె పుస్తకం తెరిచాను. మధ్యలో ఆ చిట్టీ. వెనకవైపు ఆ వారం లెక్క: ఇరవై నాలుగు చీరలు, రెండు వాపసు. ముందువైపు బావ వేసిన నాలుగు నంబర్లు. వాటిలో రెండింటి మీద అడ్డంగా గీత, పక్కన అక్క గుండ్రటి చేతిరాతలో వేరే రెండు.

అవి ఎవరివో, ఆడవాళ్ళవో మగవాళ్ళవో నాకు తెలియదు. తల ఎత్తితే అక్క లేసు చుడుతూ నా వైపే చూస్తోంది. చిట్టీని ఉన్నచోటే పెట్టి పుస్తకం మూశాను.

"చాయ్ తాగుతవా తమ్మీ?" అంది.