కరెంటు పోతేనే కచేరీ

నిజాంపేట, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో బ్లాకుకి ఒకడైనా తగులుతాడు. ముప్పై అయిదు దాటాయి, నలభై ఇంకా ఒప్పుకోడు. పేరు ఏదైనా కానివ్వండి, మనం గిటారేశ్వర్రావు అనుకుందాం. ఇంజనీరింగు కాలేజీ వార్షికోత్సవంలో ఒక పాటకి ఎలక్ట్రిక్ గిటారు వాయించాడు. ఆ చప్పట్లు చెవుల్లోంచి ఇంకా దిగలేదు. పెళ్లయింది, ఫ్లాటు అప్పు నెత్తికెక్కింది, నుదురు కాస్త విశాలమైంది. గిటారు మాత్రం పడకగదిలో బీరువా పక్కన నిలబడే ఉంది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్క పాటైనా రికార్డు చేసి లోకం మీదికి వదలాలన్నది అతని పంతం.

కదిలిస్తే చాలు, టామ్ షోల్జ్ పేరు చెప్తాడు. షోల్జ్ అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివాడు, పోలరాయిడ్ కంపెనీలో ఇంజనీరు. ఉద్యోగం చేసుకుంటూనే ఇంటి నేలమాళిగలో టేపుల మీద పాటలు పోగేశాడు. అవే చాలావరకు 1976లో 'బోస్టన్' ఆల్బమ్‌గా వచ్చి కోటికి పైగా అమ్ముడుపోయాయి. "ఆయనా ఇంజనీరే, నేనూ ఇంజనీర్నే" అంటాడు గిటారేశ్వర్రావు, మధ్యలో అడ్డమల్లా నేలమాళిగ ఒక్కటే అయినట్టు. షోల్జ్ తన జీతాన్ని ఏళ్ల తరబడి ఆ పరికరాలకే ధారపోశాడన్న ముక్క మాత్రం భార్య వినేటప్పుడు చెప్పడు.

మొదట్లో గిటారు కేబుల్ చివర చిన్న కన్వర్టర్ పిన్ను తగిలించి కంప్యూటర్ మైకు సాకెట్లో దూర్చాడు. ముసుగుతన్ని పడుకున్నవాడు లోపల్నించి మాట్లాడినట్టు వినిపించింది. గిటారు పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగితీగ. అందులో పుట్టే సిగ్నల్ సుకుమారం. దాన్ని అందుకునే ఇన్‌పుట్‌కి 10 లక్షల ఓముల నిరోధం ఉండాలి. మైకు సాకెట్‌కి ఉండేది కొన్ని వేలు. స్వరంలోని మెరుపంతా అక్కడే ఇంకిపోతుంది. ఇది తెలిశాక అరచేతిలో పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొన్నాడు. ధర ఇంట్లో సగమే చెప్పాడు. రికార్డు చేసే సాఫ్ట్‌వేరు రీపర్. 60 రోజులు ఊరికే వాడి చూసుకోమంటారు, ఆపైన 60 డాలర్లు కట్టమంటారు. గడువు దాటినా అది పనిచేస్తూనే ఉంటుంది, తెరిచినప్పుడల్లా మర్యాదగా గుర్తుచేస్తుంది. అంత మర్యాదగానూ ఇతను ఆ కిటికీ మూసేస్తాడు.

తర్వాత లేటెన్సీ పట్టుకుంది. తీగ ఇప్పుడు మీటితే హెడ్‌ఫోన్లో మోత ఆనక వస్తుంది. సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన, కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసుకునే బఫర్ 1024 శాంపిళ్లు పెడితే, కేవలం లోపలికి వెళ్లడానికే 23 మిల్లీసెకన్లు. 128కి దించితే మూడు మిల్లీసెకన్లలోపే, కానీ పాత లాప్‌టాప్ ఆ వేగానికి తట్టుకోలేక చిటపటలాడుతుంది. ఆఫీసులో అప్లికేషన్ నాలుగు సెకన్లు తెరుచుకోకపోతే "నెట్‌వర్క్ స్లో అండీ" అని టీకి లేచిపోయే మనిషి, ఇంట్లో నాలుగు మిల్లీసెకన్ల కోసం తెల్లవార్లూ కూర్చుంటాడు.

ఇవన్నీ చిల్లర బాధలు. అసలు కథ గుయ్‌మనే మోతతో మొదలైంది.

పికప్‌కి చెవుల్లేవు. కుక్కర్ అయిదు విజిల్స్ వేసినా, కింద ట్రాలీ ఆటోవాడు మైకులో పాత ఇనుప సామాన్లు కొంటామని ఊదరగొట్టినా, కేబుల్ నేరుగా గుచ్చి రికార్డు చేస్తే ఒక్కటీ ఎక్కదు. దానికి తెలిసింది అయస్కాంత క్షేత్రం. ఇంటి వైర్లలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంటుంది. ఆ ఊగుడు రాగితీగలోకి వచ్చి కూర్చుంటుంది. ఫ్యాను రెగ్యులేటర్‌ది ఒక రాగం, లాప్‌టాప్ ఛార్జర్‌ది ఇంకో రాగం. దీనికి గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ 1955లోనే విరుగుడు కనిపెట్టాడు. రెండు కాయిళ్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని మోతని రెండోది రద్దు చేసేలా కలిపాడు. హంబకర్ అంటారు. గిటారేశ్వర్రావుదేమో స్ట్రాటోకాస్టర్ నమూనా, ఒంటి కాయిల్ గిటారు. మార్చుకోవచ్చు కదయ్యా అంటే, "ఆ టోన్ రాదండీ" అంటాడు. టోన్‌తో పాటు గుయ్ కూడా వచ్చింది మరి.

దాంతో ఆ ఇంటి చట్టాలు తలకిందులయ్యాయి. పిల్లాడు మంచం మీద గెంతొచ్చు, ఫ్యాను రెండు మీద తిప్పకూడదు. అయితే అయిదు, లేదా ఆపెయ్యాలి. కుక్కర్ పెట్టొచ్చు, మిక్సీ వెయ్యకూడదు.

"ఏమండీ, మిక్సీ వేసుకోనా?"

"రెండు నిమిషాలు."

"ఇందాకా అదే అన్నారు. అత్తయ్యగారు పచ్చడికి అన్నీ వేయించి కూర్చున్నారు."

"రోట్లో నూరుకోమను."

"రోలు మీ తాతగారి దొడ్లో వదిలేసి వచ్చాం కదరా" అని వాళ్లమ్మగారు లోపల్నించే అంటారు. ఆవిడ అమాయకురాలు. ఒక రోజు కొడుకు కుర్చీ జరుపుకుంటూ, జరుపుకుంటూ ఈశాన్యానికి మొహం పెట్టి వాయించడం చూసి, వీడికి ఇన్నాళ్లకి వాస్తు మీద నమ్మకం కుదిరిందని సంతోషించారు. పికప్ ఒక కోణంలో తిరిగితే గుయ్ తగ్గుతుంది. ఆ గదిలో ఆ కోణం ఈశాన్యమైంది, అంతే.

మోత ఎక్కణ్ణించి వస్తోందో వెతకబోయి టెస్టర్ కొన్నాడు, ఆపైన మల్టీమీటర్. పడకగదిలో మూడు పిన్నుల ప్లగ్గుకి మూడో కన్నం అలంకారమేనని, దాని వెనక ఎర్త్ వైరే లేదని తేల్చాడు. అసోసియేషన్ మీటింగులో దీనిమీద అరగంట మాట్లాడాడు. ఇప్పుడు లిఫ్టులో లైటు పోతే వాచ్‌మన్ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లడు. "సార్, జర చూస్తారా?" అంటూ ఇతని తలుపే కొడతాడు.

ఒకసారి ఊరుకోలేక చెప్పాను. 1968లో బీటిల్స్ 'రివల్యూషన్' పాటకి గిటారుని ఆంప్లిఫయర్ లేకుండా నేరుగా స్టూడియో మిక్సింగ్ కన్సోల్‌కే కలిపారు. హద్దుమీరి పెంచి, ఆ గరగరనే పాటగా ఉంచేశారు. లోకం చెవులు మూసుకోలేదు, డిస్కులు కొనుక్కుంది. "అది వాళ్లు కావాలని చేసిన రొద అండీ. నాది దానంతటది వచ్చింది" అన్నాడు. ఈ తేడా ముందు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంతవరకు అతను పూర్తిచేసిన రికార్డింగులు రెండు. రెండూ కరెంటు పోయినప్పటివే. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఇంటర్‌ఫేస్ యూ.ఎస్.బి. నుంచి కాస్తంత కరెంటు తాగి బతుకుతుంది, గోడల్లో ఊగేది ఏమీ ఉండదు. బ్లాకంతా బాల్కనీల్లోకి వచ్చి విద్యుత్ శాఖని తిడుతుంటే, ఇతను చీకట్లో ఉరుకులు పరుగులతో హెడ్‌ఫోన్ తగిలించుకుంటాడు. బ్యాటరీ పాతది, ఎంతోసేపు నిలవదు. అందుకే పాటల్లో రెండో చరణం ఉండదు. అసోసియేషన్‌లో జనరేటర్ కొనాలన్న తీర్మానం వచ్చినప్పుడు వద్దని చెయ్యెత్తింది ఇతనొక్కడే. పొదుపరి అనుకున్నారు పాపం. జనరేటర్ వచ్చేసింది, మూడో పాట ఆగిపోయింది.

ఆ రెండూ నాకు వినిపించాడు. కళ్లు మూసుకుని విన్నాను. గుయ్ ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే పాట కూడా అంతగా లేదు. అయితే మీ చుట్టుపక్కల ఇలాంటివాడుంటే వదులుకోకండి. పాట సంగతి అడక్కండి గానీ, మీ ఇంట్లో ఏ ప్లగ్గుకి ఎర్త్ లేదో అడగండి. డబ్బు తీసుకోడు, స్క్రూడ్రైవర్ కూడా తనే తెచ్చుకుంటాడు.